పొదుపు కోసం పళ్లు మానేయాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరు పిల్లలు. కూరగాయలు, పళ్లకే నెలకు రూ.9,500 అవుతోంది, అంతా ఫోన్‌లో ఆర్డరే. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా రూ.3,000 పెట్టే సిప్ మొదలుపెడదామంటే మిగలడం లేదు. పళ్లు తగ్గించమంటారా?

జవాబు: వద్దమ్మా, మార్చండి చాలు. మీరు పంపిన జనవరి బిల్లులో పళ్లే రూ.4,200. కివి, విదేశీ యాపిల్, బ్లూబెర్రీ! బయట బండ్ల నిండా జామ, రేగు ఉన్న నెల అది. పిల్లల ఆరోగ్యం కోసమే కివి అన్నారు. విటమిన్ సి కోసమైతే జామలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పళ్లలో ఈ ఒక్క మార్పుతో రూ.2,000 మిగులుతుందని నా లెక్క.

కూరగాయలకు రైతుబజారుకు వెళ్లండి. ధరల బోర్డు చూశాకే ఏం వండాలో తేల్చుకోండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినా నేనూ కొన్నాను, అలవాటు కొద్దీ. చింతపండు, చుక్కకూరలతో ఆ నెల గడిచిపోయేది.

అసలు చిక్కు వేరే ఉంది. సీజన్ సరుకు కొనేవాళ్లకు నెల బడ్జెట్ సరిపోదు, ఏడాది బడ్జెట్ కావాలి. కొత్త కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి సంక్రాంతి దాటాక రెండు మూడు నెలల్లో ఒకేసారి దిగుతాయి. అప్పుడు చేతిలో మొత్తం లేకపోతే ఏడాదంతా పావుకిలో, అరకిలో లెక్కన ఎక్కువ ధరకు కొంటాం. క్రెడిట్ కార్డు గీకి కొని, గడువులోగా బిల్లు మొత్తం కట్టకపోతే మాత్రం మిగిలేది వడ్డీకే పోతుంది.

అందుకని ఆ రూ.2,000లో వెయ్యి బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు. వచ్చే ఏడాది ఈ వేళకు రూ.12,000, పైన కాస్త వడ్డీ. అదే మీ ఏడాది సరుకుల డబ్బు. మిగతా వెయ్యితో సిప్ మొదలుపెట్టండి. మూడు వేలు ఇప్పుడే కుదరదు. వచ్చే ఏడాది కిరాణా బిల్లు తగ్గాక ఆ మేరకు పెంచుదురుగాని.

అద్దె ఇంట్లో చోటు లేకపోతే ఆరు నెలలకే కొనండి. పప్పు బాగా ఎండబెట్టి వేపాకు వేయండి. పురుగు పట్టిన పప్పుకు ఏ లాభమూ లెక్కకు రాదు.

మామిడి సంగతంటారా, మార్చిలో కనిపించే తొలికాయల జోలికి పోకండి. మేలో బంగినపల్లి దండిగా దిగుతుంది, అప్పుడు పెట్టెలకు పెట్టెలే తెచ్చుకోండి. ఆ నెల సిప్ పెంచమని నేను అడగను.