గేమ్‌ల కోసం రెండు జెన్ 5 డ్రైవ్‌లు, పన్నెండు వాయిదాలు... అవసరమా?

ప్రశ్న: మా ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ ఉంది. విండోస్ 500 జీబీ సాటా (పాత తరహా కనెక్షన్) ఎస్‌ఎస్‌డీలో, గేమ్‌లన్నీ 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. గేమ్ తెరుచుకునేలోపు విసుగొచ్చేస్తోంది. 2 టీబీ జెన్ 5 (అయిదో తరం) ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు, అంటే సాటా కన్నా చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీలు, రెండు కొని రెయిడ్ 0లో, అంటే రెండూ ఒకే డ్రైవ్‌లా పనిచేసేలా, కలపాలనుకుంటున్నాను. మదర్‌బోర్డులో జెన్ 4 స్లాట్లే ఉన్నాయి కాబట్టి బోర్డు కూడా మార్చాలి. అన్నీ కలిపి నా నెల జీతంలో ముప్పావు వంతు అవుతుంది. జెన్ 4 డ్రైవ్ ఒక్కటే అయితే అందులో అయిదో వంతుకే వస్తుంది. క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాల్లో కడదామని ఆలోచన. పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది. కొనమంటారా?

జవాబు: గేమ్‌లను హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మార్చాలన్న ఆలోచన మంచిదే. దానికి పెట్టే డబ్బుకు ఫలితం రోజూ కనిపిస్తుంది. రెండో డ్రైవ్, జెన్ 5, కొత్త బోర్డు మాత్రం మీ విసుగును పెద్దగా తగ్గించవు. వాటిని వదిలేయండి. 2 టీబీ జెన్ 4 డ్రైవ్ ఒక్కటి కొనండి, అదీ అప్పు లేకుండా.

ఎందుకంటే, హార్డ్‌డిస్క్ సెకనుకు 150 నుంచి 200 ఎంబీ దాకా చదవగలదు, అదీ డేటా ఒకే వరుసలో ఉంటే. గేమ్‌కు కావాల్సినవి ఎక్కడెక్కడో ఉన్న వేల చిన్న ముక్కలు. ఒక్కో ముక్క కోసం లోపల డేటా చదివే హెడ్ కదిలి వెళ్లాలి, మీ సమయమంతా అక్కడే పోతోంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందుకే మామూలు ఎస్‌ఎస్‌డీకి మారినా తేడా తెలిసిపోతుంది.

ఆ తర్వాతి మెట్లలో అంత లాభం లేదు. సాటా డ్రైవ్ వేగం సెకనుకు సుమారు 550 ఎంబీ, జెన్ 3ది 3,500, జెన్ 4ది 7,000, జెన్ 5ది 14,000 దాకా. అట్టపెట్టె మీద అంకె రెట్టింపయితే ఎదురుచూపు సగమవుతుందని అనుకోవడం సహజమే. కానీ డేటా డ్రైవ్ నుంచి వచ్చాక దాన్ని విప్పి, సిద్ధం చేసే పని ప్రాసెసర్‌ది. అక్కడ పట్టే సమయం డ్రైవ్ మార్చినంత మాత్రాన తగ్గదు. అందుకే ఇప్పటి గేమ్‌లలో జెన్ 4కీ జెన్ 5కీ లోడింగ్‌లో తేడా తరచుగా ఒక సెకను కూడా ఉండదు. ఈ అడ్డు తగ్గించడానికి మైక్రోసాఫ్ట్ 2022లో డైరెక్ట్‌స్టోరేజ్ అనే సాంకేతికతను గేమ్ డెవలపర్లకు ఇచ్చింది, దాన్ని వాడుకునే గేమ్‌లు ఇంకా తక్కువే. ప్లేస్టేషన్ 5లో ఉన్న డ్రైవ్ వేగమే సెకనుకు 5.5 జీబీ. దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారయ్యే గేమ్‌లకు మంచి జెన్ 4 డ్రైవ్ ధారాళంగా సరిపోతుంది.

రెయిడ్ 0 మాట వినగానే మాత్రం నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. అందులో ప్రతి ఫైలూ ముక్కలై రెండు డ్రైవ్‌లకూ పంచుకుపోతుంది. ఒక్కటి చెడిపోయినా రెండింటిలోదీ పోతుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు ఎగ్గొట్టినా మొత్తం మునిగిపోయే చిట్టీ లాంటిదది. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారికి ఆ వేగం ఉపయోగపడొచ్చు. గేమ్ అడిగే చిన్న ముక్కల విషయంలో ఒరిగేదేమీ లేదు. రెట్టింపు ఖర్చు పెట్టి రెట్టింపు రిస్క్ కొనుక్కోవద్దు.

మన్నిక గురించి కూడా భయపడి ఎక్కువ పెట్టనక్కర్లేదు. 2 టీబీ టీఎల్‌సీ (ఒక్కో మెమరీ గడిలో మూడు బిట్లు దాచే) డ్రైవ్‌లకు సాధారణంగా మొత్తం 1,200 టీబీ డేటా రాసేదాకా హామీ ఉంటుంది. రోజుకు 50 జీబీ రాసినా ఏడాదికి 18 టీబీ చిల్లరే. ఆ లెక్కన హామీ అయిపోవడానికి 65 ఏళ్లు పడుతుంది. అంతకన్నా వారంటీ అయిదేళ్లా, మూడేళ్లా అన్నది చూడండి. క్యూఎల్‌సీ (గడికి నాలుగు బిట్లు దాచే) డ్రైవ్ కొంచెం చవక. 100 జీబీ గేమ్‌ను దానిలోకి కాపీ చేస్తే మొదట దూసుకుపోతుంది. కాష్ (డేటాను ముందుగా వేగంగా అందుకునే భాగం) నిండాక కొన్ని రకాలు హార్డ్‌డిస్క్ వేగానికి దిగిపోతాయి. ధరలో తేడా స్వల్పమైతే టీఎల్‌సీయే తీసుకోండి.

ఇక డబ్బు విషయం. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలపకుండానే మీ వాయిదా నెల జీతంలో 6 శాతం దాటుతుంది. అదే మొత్తాన్ని వచ్చే నెల నుంచి మీరే పక్కన పెట్టండి. మూడు నెలల్లో జీతంలో 18 శాతం పైగా చేతిలో ఉంటుంది, డ్రైవ్‌కు 15 శాతం చాలు. మిగతా తొమ్మిది నెలలూ ఆపకుండా దాచితే సగం జీతం కంటే ఎక్కువే అత్యవసర నిధిలో చేరుతుంది. ఆ నిధి కనీసం మూడు నెలల ఖర్చులకు, వీలైతే ఆరు నెలలకు సరిపడా ఉండాలి. ఒక నెల ఖర్చులకే డబ్బున్నప్పుడు ఏడాది పాటు వాయిదా నెత్తిన పెట్టుకుంటే, మధ్యలో ఉద్యోగానికో ఆరోగ్యానికో ఏమైనా అయితే ఇంకో అప్పు తప్పదు. ‘ఈ వారమే ఆఫర్’ అన్న మాటకు తొందరపడకండి. ఫ్లాష్ మెమరీ ధరలు పెరుగుతాయి, తగ్గుతాయి. మూడు నెలల్లో కాస్త పెరిగినా కార్డు వడ్డీ, ఫీజులూ లేవు కదా.

కొనేముందు బోర్డు మాన్యువల్ ఒకసారి తెరవండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టే చోటు) వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. మీ పాత డ్రైవ్‌లు రెండూ సాటావే. కొత్తది పెట్టగానే పాతది కనిపించకపోతే అది చెడిపోయిందని కంగారుపడి ఇంకోటి కొనకండి, కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చి చూడండి. బోర్డుకే హీట్‌సింక్ (వేడి తగ్గించే లోహపు పలక) ఉంటే డ్రైవ్‌తో పాటు మరొకటి కొనడం దండగ. హీట్‌సింక్ అడుగున మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది తీసేయకుండా బిగిస్తే డ్రైవ్ వేడెక్కి వేగం తగ్గుతుంది. డ్రైవ్ మీది లేబుల్ మాత్రం పీకొద్దు, వారంటీ పోవచ్చు. విండోస్ ఉన్నచోటే ఉండనివ్వండి. గేమ్‌లు అమ్మే స్టీమ్ యాప్‌లో గేమ్‌ను ఒక డ్రైవ్ నుంచి ఇంకోదానికి తరలించే సదుపాయం ఉంది, మళ్లీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు.

ఖాళీ అయిన హార్డ్‌డిస్క్‌ను అమ్మేయకండి. దానికి వచ్చే డబ్బు కొంచెమే. ఎస్‌ఎస్‌డీలు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఆగిపోవచ్చు. వారంటీలో కొత్త డ్రైవ్ ఇస్తారు గానీ పోయిన ఫొటోలు తెచ్చివ్వరు. గేమ్ సేవ్ ఫైళ్లు, కుటుంబ ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్ల కాపీ ఒకటి ఆ హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. అది పాతది కాబట్టి ముఖ్యమైనవి క్లౌడ్‌లో కూడా ఉంచండి. ఎప్పటికైనా అమ్మాల్సి వస్తే పాత డేటా తిరిగి తీయడానికి వీలున్న క్విక్ ఫార్మాట్‌తో సరిపెట్టకుండా పూర్తి ఫార్మాట్ చేశాకే ఇవ్వండి.