జ్వరంలో ఐరన్ ఇంజెక్షన్ ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట. మా అత్తమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరంతో ఆస్పత్రిలో చేర్చాం. కల్చర్ పరీక్షలో ఈ-కోలి అనే క్రిమి వచ్చింది. హిమోగ్లోబిన్ 8.4. ఐరన్ ఇంజెక్షన్ వేయమంటే, జ్వరం తగ్గాక చూద్దామన్నారు. రక్తం తక్కువున్న మనిషికి ఐరన్ ఇవ్వకపోవడం ఏమిటి? టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

జవాబు: వాళ్లు అశ్రద్ధ చేయలేదమ్మా. నేనైనా ఆగమనే చెబుతాను. ఐరన్ మీ అత్తగారికి ఎంత అవసరమో, ఆమె ఒంట్లో చేరిన ఈ-కోలికీ అంతే అవసరం. అది దొరక్కపోతే ఆ క్రిమి పెరగలేదు.

మన ఒంట్లో ఉండే ఐరన్ మొత్తం 3, 4 గ్రాములే. చాలావరకు ఎర్రకణాల్లో ఉంటుంది. రక్తంలో తిరిగే కాస్తనూ ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. ఈ-కోలి ఏం చేస్తుందంటే, సిడెరోఫోర్లు అనే చిన్న పదార్థాలను బయటికి వదులుతుంది. వల విసిరినట్టే అనుకోండి. వాటి పట్టు ట్రాన్స్‌ఫెర్రిన్ కన్నా గట్టిది. ఐరన్ లాక్కుని మళ్లీ క్రిమి దగ్గరికే చేరతాయి. మన శరీరమూ ఊరుకోదు, లిపోకాలిన్ అనే ప్రొటీన్‌తో ఆ వలనే పట్టేస్తుంది. అప్పుడు కొన్ని రకాల ఈ-కోలి వలకు గ్లూకోజ్ తగిలించి చిక్కకుండా తప్పించుకుంటాయి. (ఆ గ్లూకోజ్‌కూ మీ అత్తగారి షుగర్‌కూ సంబంధం లేదులెండి.) చీముగడ్డలు తెచ్చే స్టాఫ్ క్రిమిదైతే ఇంకా మొరటు పని: ఎర్రకణాలను పగలగొట్టి హిమోగ్లోబిన్ నుంచే తీసుకుంటుంది.

అందుకే ఇన్ఫెక్షన్ రాగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. పేగుల నుంచి గానీ నిల్వల నుంచి గానీ ఐరన్ రక్తంలోకి రాకుండా అది అడ్డుపడుతుంది. ఇప్పుడు మాత్రలు వేసినా ఒంటికి పట్టేది తక్కువే. ఇంజెక్షన్ అయితే ఆ కాపలా దాటి నేరుగా రక్తంలోకే వెళుతుంది. డాక్టర్ల భయం అదే.

జ్వరంలో ఐరన్ నిల్వలు చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, ఐరన్ బాగానే ఉందనుకోకండి. ఇన్ఫెక్షన్‌లో ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయి కోలుకున్నాక చేయించండి. దాంతోపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది. ఆకుకూరలు, చేపల పులుసు మాన్పించనక్కర్లేదు. ఆయాసం, గుండెదడ వస్తే మాత్రం వెంటనే చెప్పండి. హిమోగ్లోబిన్ 7 కన్నా దిగితే రక్తం ఎక్కించే ఆలోచన చేస్తారు, అది వేరే లెక్క.

ఇది చదివి, కాస్త జలుబు చేసిందని గర్భిణులు ఐరన్ మాత్రలు సొంతంగా మానేయకండి.