స్పానిషా, ఫ్రెంచా? టీచరమ్మ జవాబులు

ఫిబ్రవరి వచ్చిందంటే మా టెక్సస్ బడుల్లో వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక మొదలవుతుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ ఫారంలోని ఒకే ఒక్క గడి గురించి: ఏ భాష తీసుకోవాలి? నేను పబ్లిక్ హైస్కూల్లో స్పానిష్ చెబుతున్నాను, అంతకుముందు ఫ్రెంచ్ చెప్పాను. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ గడికే.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. హైస్కూల్లో స్పానిష్ తీసుకోవాలో, ఫ్రెంచ్ తీసుకోవాలో తేలడం లేదు. స్పానిష్ సులువంటారు. కానీ అందరూ అదే తీసుకుంటారు కాబట్టి ఫ్రెంచ్ అయితే కాలేజీవాళ్ల కంట్లో పడతాడని స్నేహితులు అంటున్నారు. మావారేమో రెండూ వద్దు, కంప్యూటర్ సైన్స్‌తో సరిపెట్టేద్దాం, లేకపోతే ర్యాంకు పడిపోతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ అమ్మ, ఫ్రిస్కో

మీవారు చెప్పింది రూలు ప్రకారం తప్పేం కాదమ్మా. టెక్సస్‌లో డిప్లొమాకి ఒకే భాషలో 2 క్రెడిట్లు (ఏడాది చదువుకి ఒకటి) కావాలి, వాటి బదులు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషల్లో 2 క్రెడిట్లు చేసినా ఒప్పుకుంటారు. ర్యాంకు బెంగ కూడా నాకు అర్థమవుతుంది. క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు గ్యారంటీ అన్న చట్టం 1997లో వచ్చింది. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి) ఆ గీత ఇంకా పైనే ఉంటుంది. భాషల్లో మొదటి రెండేళ్లు, అంటే లెవల్ 1, 2, చాలాచోట్ల మామూలు కోర్సులే, కష్టమైన కోర్సులకి ర్యాంకు లెక్కలో ఇచ్చే అదనపు వెయిటేజీ వీటికి ఉండదు. పేరెంట్ నైట్‌లో మనవాళ్లు నా బల్ల దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న పిల్లాడు ఎలా మాట్లాడుతున్నాడని కాదు, దీనికి జీపీఏ (గ్రేడుల సగటు) పాయింట్లెన్ని అని. టెన్షన్ ఎవరిలోనైనా ఒకటే.

కానీ మీ అబ్బాయి రేపు టెక్సస్ దాటి అప్లై చేస్తానంటే? కాలిఫోర్నియా యూనివర్సిటీ సిస్టమ్ ఇంగ్లిష్ కాని భాష కనీసం 2 ఏళ్లు చదివి ఉండాలంటుంది, 3 ఏళ్లయితే మేలంటుంది. హార్వర్డ్ ఒకే భాషను 4 ఏళ్లు చదవమని సూచిస్తుంది. అక్కడ పైథాన్ చూపించి భాష అంటే కుదరదు. పదో తరగతిలో మూసేసిన తలుపు పన్నెండులో తెరవడం కష్టం కాబట్టి, కంప్యూటర్ సైన్స్ ఎలాగూ తీసుకుంటాడు, దానికి తోడు భాష కూడా తీసుకోనివ్వండి.

ఇక కంట్లో పడటం సంగతి. ఫ్రెంచ్ అన్న పేరుకే ఎవరూ మురిసిపోరు. నాలుగేళ్లు అదే భాష పట్టుకుని ఏపీ దాకా (మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) వెళ్లాడా లేదా అన్నదే లెక్క. రెండేళ్లు చదివి వదిలేసిన పిల్లల్ని సీనియర్ ఇయర్‌లో కదిపి చూస్తే చాలామందికి మిగిలేది "బాత్రూమ్‌కి వెళ్లొచ్చా" అన్న ఒక్క వాక్యం. అది మాత్రం ఎంత అందంగా పలుకుతారో!

స్పానిష్ సులువన్నది సగం నిజం. ఎలా రాస్తే దాదాపు అలాగే చదువుతారు కాబట్టి మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది. ఫ్రెంచ్‌లో మొదటి ఏడాదే దెబ్బ. 'మాట్లాడు' అన్న క్రియని నేను, నువ్వు, వాళ్లు అన్న మూడింటికీ మూడు రకాలుగా రాసి, మూడింటినీ 'పార్ల్' అనే పలకాలి. డిక్టేషన్ పెడితే తరగతి మొత్తం నా వంక గుర్రుగా చూసేది. అయితే స్పానిష్‌వాడు బాకీ మూడో ఏడాదిలో వసూలు చేసుకుంటాడు. సందేహం, కోరిక, భయం లాంటివి చెప్పేటప్పుడు క్రియారూపమే మారిపోయే సబ్జంక్టివ్ అని ఒకటుంది, అక్కడ చాలామంది జారిపోతారు. మొత్తం మీద రెండింటి బరువూ ఒకటే. తన దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పే అమెరికా విదేశాంగ శాఖ కూడా రెండింటికీ 30 వారాలే కేటాయిస్తుంది.

ఒక్క పని చేయండి. ఫ్రెంచ్ ఏపీ దాకా ఉందా, లెవల్ 3, 4 విడివిడిగా నడుస్తాయా అని స్కూల్లో కనుక్కోండి. పైకి వెళ్లేకొద్దీ పిల్లలు తగ్గిపోతారు, అప్పుడు రెండు లెవల్స్‌ని ఒకే గదిలో, ఒకే టీచర్ ముందు కూర్చోబెడతారు. నేనూ అలా చెప్పాను. ఒక సగానికి పాఠం చెబుతుంటే రెండో సగం వర్క్‌షీట్ నింపుతూ ఉంటుంది. మంచి పిల్లలు నెట్టుకొస్తారు, నీరసించే పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఇవన్నీ తెలిశాక మీ అబ్బాయినే అడగండి. నాలుగేళ్లు ఆ క్లాసులో కూర్చునేది వాడు కదా.

ఫోన్‌లో అనువాదం క్షణంలో వచ్చేస్తుంటే ఈ చదువు దండగ కాదా?
– ఓ నాన్న, ఎడిసన్, న్యూజెర్సీ

మీ రాష్ట్రంలో ప్రపంచ భాషల్లో 5 క్రెడిట్లు (అక్కడి లెక్కలో ఒక ఏడాది చదువు) చేయాలి, లేదా ఆపాటి భాష వచ్చని పరీక్షలో చూపించాలి. అది లేనిదే డిప్లొమా రాదు. ఆ పరీక్ష హాల్లోకి ఫోన్‌ని రానివ్వరండీ.

మాది యానాం. మా నాన్నగారు ఫ్రెంచి బడిలో చదివారు, ఆయన నోట ఆ భాష వింటే సంగీతంలా ఉండేది. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవరాలు తొమ్మిదో తరగతి. ఫ్రెంచి తీసుకోమంటే వినకుండా స్పానిష్‌లో చేరింది. అసలు తెలుగే రెండు ముక్కలు సరిగ్గా రాని పిల్లకి ఇంకో భాష ఎందుకని నా బాధ.
– ఓ తాతయ్య

నమస్కారం బాబాయిగారూ. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు మీది, ఆ భాష మీద మమకారం ఉండదా మరి! హైదరాబాద్‌లో ఎం.ఏ. చేసేటప్పుడు నేను ముందు పట్టుకున్నది కూడా ఫ్రెంచే, ఇప్పటికీ కవిత్వం చదవాలంటే అదే తీస్తాను. కానీ మీ మనవరాలు ఉన్నచోటు చూడండి. శాన్ హోసే, శాంటా క్లారా, లాస్ గాటోస్, చుట్టూ ఉన్నవన్నీ స్పానిష్ పేర్లే. ఆ నేల 1848 దాకా మెక్సికోది. అమెరికా మొత్తంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్ల పైచిలుకే. క్లాసులో నేర్చుకున్న వాక్యాన్ని సాయంత్రం దుకాణంలో వాడి చూసుకోగలిగితే ఆ భాష నిలుస్తుంది. ఫ్రెంచికి ఫ్రీమాంట్‌లో ఆ వీలు లేదు. అదే ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్‌లో ఉండి ఉంటే నా ఓటు మీకే వేసేదాన్ని.

తెలుగు సంగతి మీరు తలకిందులుగా చూస్తున్నారని నాకనిపిస్తోంది. ఆ రెండు ముక్కల తెలుగే ఆ పిల్లకి స్పానిష్‌లో అక్కరకొస్తుంది. ఎలాగో చెబుతాను. లెవల్ 1లో ఇష్టాయిష్టాల పాఠం వస్తుంది. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసిన పిల్లలు 'నేను' అని మొదలుపెట్టి 'యో గుస్తో' అని రాస్తారు, నేను ఎర్ర గీత పెడతాను, మర్నాడు మళ్లీ అదే రాస్తారు. స్పానిష్‌లో ఇష్టపడే మనిషి కర్త కాదు, నచ్చిన వస్తువే కర్త. 'మె గుస్తా ఎల్ మాంగో', అంటే నాకు మామిడిపండు ఇష్టం. 'మె దుయేలె లా కబేసా', నాకు తల నొప్పిగా ఉంది. బోర్డు మీద ఇది రాయగానే వెనక బెంచీలోంచి ఓ తెలుగు పిల్ల "ఓ, నాకు!" అని పైకే అనేసింది. పక్కవాళ్లకి ఏం అర్థం కాలేదు. ఆ పిల్ల మాత్రం ఆ పాఠంలో మళ్లీ తప్పు చేయలేదు.

ఇంకా ఉంది. ఇంగ్లిష్‌లో 'ఉండటం' అన్నదానికి ఒక్కటే క్రియ, స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు. పిల్లలు దీని మీద ఏళ్ల తరబడి తడబడతారు. మనం 'ఆయన డాక్టరు' అంటాం, అక్కడ క్రియే లేదు. 'ఆయన ఇంట్లో ఉన్నారు' అన్నప్పుడు క్రియ వస్తుంది. మొదటిది సేర్, రెండోది ఎస్తార్. 'కాఫీ వేడిగా ఉంది' కూడా ఎస్తారే. అన్నిచోట్లా అతకదనుకోండి, 'ఆవిడ పొడుగ్గా ఉంటుంది' అన్నది అక్కడ సేర్ కిందికి పోతుంది. అయినా తెలుగు పిల్లలకి తేడా పసిగట్టే చెవి ముందే ఉంటుంది. నువ్వు, మీరు అన్న తేడా వాళ్లకి తూ, ఉస్తెద్‌గా దొరుకుతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అని క్రియ చివర్లోనే మనిషి తెలియడం మనకి వింతే కాదు. అసలు తాకో అనే మెక్సికన్ తిండి పేరుని 'ఠాకో' అనకుండా మన 'త'తో పలికే పిల్లలు నా క్లాసులో ఎవరింటి నుంచి వస్తారో చెప్పక్కర్లేదు.

కాబట్టి స్పానిష్ మానిపించే బదులు, రోజూ సాయంత్రం ఆ రోజు పాఠం మీకు తెలుగులో చెప్పమనండి. మాటలు తడుముకుంటే అందించండి, తప్పులు పట్టకండి. మరోటి, కాలిఫోర్నియా 2011లో సీల్ ఆఫ్ బైలిటరసీ అని మొదలుపెట్టింది. ఇంగ్లిష్‌తో పాటు ఇంకో భాషలో ప్రావీణ్యం చూపించిన పిల్లల డిప్లొమా మీద ఆ ముద్ర వేస్తారు. అవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. మీ మనవరాలి స్కూలు దాన్ని ఒప్పుకుంటుందేమో కౌన్సెలర్‌ని అడిగించండి. మాట్లాడటంతో పాటు రాయడం కూడా పరీక్షిస్తారు కాబట్టి అక్షరాలు దిద్దించే పని మాత్రం మీదే.

(ఇంగ్లిష్‌లో వచ్చిన ఉత్తరానికి తెలుగు) నేను పదో తరగతి, స్పానిష్ 2. రాత పరీక్షల్లో ఎప్పుడూ 90 పైనే. కానీ టీచర్ లేపి అడిగితే నోరు రాదు. ఒక్కోసారి స్పానిష్ మాట కోసం వెతుకుతుంటే తెలుగు మాట బయటికొస్తుంది, అందరూ నవ్వుతారు. 'ర్ర' కూడా పలకలేను. ఏం చేయాలి?
– అట్లాంటా దగ్గరి నుంచి

తెలుగు బయటికొస్తోందా? భేష్. మూడో భాష నేర్చుకునే వాళ్లందరికీ జరిగేదే ఇది. మెదడులో ఇంగ్లిష్ కానివన్నీ ఒకే సొరుగులో ఉంటాయనుకో, చెయ్యి పెట్టగానే ముందు తగిలింది పైకొస్తుంది. స్పానిష్ మాటలు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. నవ్వేవాళ్లకి రెండో భాషే సరిగ్గా రాదు, నీకు మూడోది వస్తోంది. ఆ మాట పైకి అనకు, మనసులో అనుకో.

నోరు రాకపోవడానికి కారణం నువ్వు వాక్యం మొత్తం తలలో కట్టాక మాట్లాడదామనుకోవడం. రాతలో అది చెల్లింది కాబట్టే 90లు వస్తున్నాయి. మాటలో అంత టైమ్ ఎవరూ ఇవ్వరు. రేపు ఏపీ పరీక్షలో గదిలో అందరూ ఒకేసారి మైకుల్లో మాట్లాడుతుంటారు, సంభాషణ భాగంలో ఒక్కో జవాబుకి దొరికేది కొద్ది సెకన్లే. అందుకని మర్చిపోయిన మాట చుట్టూ తిరగడం ఇప్పటి నుంచే నేర్చుకో. గరిటె అన్నది గుర్తు రాలేదనుకో, "కూర కలపడానికి వాడే వస్తువు" అని స్పానిష్‌లో చెప్పు. నా క్లాసులో దీనికి ఆట ఆడిస్తాను, చేతిలో చీటీ మీదున్న మాట అనకుండా పక్కవాడికి తెలిసేలా చెప్పాలి. మొన్న ఒక అబ్బాయి 'దోమ' చెప్పలేక చెంప మీద ఛెళ్లున కొట్టుకున్నాడు. దానికీ మార్కులిచ్చాను.

ఇంట్లో అయితే గిన్నెలు సర్దుతూ చేస్తున్న పని స్పానిష్‌లో పైకి చెప్పుకో. మీ కేఫెటేరియాలో స్పానిష్ మాట్లాడే ఆంటీ ఉంటే ట్రే అందుకునేటప్పుడు ఒక్క వాక్యం మాట్లాడు. ఉస్తెద్ అనడం మర్చిపోకు.

'ర్ర' గురించి ఇంత బెంగ దేనికి తల్లీ? 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క, కాబట్టి తేడా పలకాల్సిందే. అమెరికా పిల్లలు దీనికోసం అద్దం ముందు నెలలు కుస్తీ పడతారు. నీకు ఆ కసరత్తు అక్కర్లేదు. మీ అమ్మని కూర్చోబెట్టి కర్ర, గుర్రం, బర్రె, బుర్ర అని నాలుగుసార్లు అనిపించుకుని నువ్వూ అను. నాలుక ఎక్కడ కొట్టుకుంటోందో చూసుకుని, అదే ఊపులో పెర్రో అను. అప్పటికీ రాకపోతే వాయిస్ మెసేజ్ పంపించు, విని చెబుతాను.