గ్యాస్ ఉంది కదా అనుకోకు

చిట్టితల్లికి మేనత్త ఆశీస్సులు.

నీకు నాలుగో నెల పడిందని, వాంతులు తగ్గి కాస్త అన్నం తింటున్నావని నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. తిండి గురించీ నడక గురించీ చెప్పేవాళ్ళు నీ చుట్టూ చాలామందే ఉంటారు. నేను పొగ గురించి రాస్తున్నాను. ఏఎన్ఎంగా ఈ లంక ఊళ్ళన్నీ తిరిగాను కదా, గర్భిణుల ఇళ్ళల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది అదే.

"మాకు గ్యాస్ ఉందత్తా" అంటావు. ఉంది, కాదనను. దానిమీద అయ్యేది కాఫీ, టిఫిను, ఓ కూర. స్నానాల నీళ్ళు మాత్రం పెరట్లో కొబ్బరి డొక్కల మంట మీదే కాగుతాయి. చేపల పులుసు కట్టెల పొయ్యి మీద పెట్టకపోతే మీ మావగారికి ముద్ద దిగదు. సాయంత్రం దోమలకని పశువుల పాకలో పొగ, రాత్రి మంచం పక్కన కాయిల్. వంటింట్లో ఒక పొయ్యి మారినంత మాత్రాన ఇంట్లో పొగ పోదు.

తడి డొక్క, పచ్చి మట్ట సరిగా మండవు. అలా మండనప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని, ఆ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కడుపులో బిడ్డకి ఆక్సిజన్ అందేది నీ రక్తం నుంచే కాబట్టి నీకు తగ్గింది వాడికీ తగ్గుతుంది. (వాడో, అదో! మగపిల్లాడే కావాలని నేనేం కోరుకోవట్లేదు.) అసలే రక్తం తక్కువైతే ఇంకా కష్టం. అందుకే ఐరన్ మాత్ర మానకు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు వేసుకోవాలి. టీతో కలిపి మాత్రం వద్దు.

బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు కొమ్మలు కొమ్మలుగా చీలడం నాలుగో నెలకే దాదాపు పూర్తవుతుంది. గాలి తిత్తులు నెలలు నిండే ముందు మొదలై, పుట్టాక కూడా కొన్నేళ్ళు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఇప్పుడు జాగ్రత్తపడ్డా ఆలస్యం కాదు, పురుడయ్యాక వదిలేసినా కుదరదు. ఆఫ్రికాలో ఘనా దేశంలో గర్భిణులకి చిన్న పరికరాలు తగిలించి, వాళ్ళు ఎంత కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తున్నారో కొలిచారు. నెల రోజుల బిడ్డల ఊపిరి పరీక్షిస్తే, ఎక్కువ పీల్చిన తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తుల పనితీరు తక్కువగా కనిపించింది. ఆడపిల్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మన పక్క తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో ఇంకో పెద్ద పరిశోధన జరిగింది. అందులో సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చి చూశారు. పొగ బాగా తగ్గింది గానీ, బిడ్డ పుట్టిన బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేల్చారు. అందుకని గ్యాస్ పెడితే బిడ్డ బొద్దుగా పుడుతుందని నీకు మాటివ్వను. పొగ ఎంత తగ్గితే అంత మంచిదన్న నా మాట మాత్రం మారదు.

ఇక చేయాల్సింది. మొట్టమొదట వేణ్ణీళ్ళ పొయ్యి సంగతి చూడు. అది మీ పడకగది కిటికీ కిందే ఉంది, సీమంతానికి తేదీ మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు గమనించాను. సాయంత్రం సముద్రపు గాలి వీస్తే పొగంతా లోపలికే కొడుతుంది. ఆ పొయ్యిని పెరటి చివరికి మార్చమని మీ ఆయనకి చెప్పు. రాజేసేదీ ఎగదోసేదీ కూడా అతనే చేయాలి. డొక్కలు బాగా ఎండినవే వాడండి. వానాకాలానికి ఇప్పుడే కొన్ని చూరు కింద పేర్చిపెట్టుకోండి. పప్పు నానబెట్టి కుక్కర్లో పెడితే గ్యాస్ ఆదా అవుతుంది. దీపం పథకం కింద అర్హత ఉన్న ఇళ్ళకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి, మీవి వాడుకుంటున్నారో లేదో కనుక్కో. కాయిల్ తీసేసి దోమతెర కట్టు. చుట్ట కాల్చేవాళ్ళు వీధి అరుగు మీదే కాల్చుకోవాలి.

మీ అత్తగారితో వాదనకి దిగకు. కట్టెల పొయ్యి మీద పులుసు రుచే వేరు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. పులుసు పెట్టే రోజున ఆవిడ ఆరుబయట పెట్టుకుంటారు, నువ్వు పొగ రాకుండా, గాలి వచ్చే వైపు దూరంగా కూర్చుని ఉల్లిపాయలు తరుగు. "డాక్టరమ్మ వద్దంది" అని నా పేరు బదులు డాక్టరమ్మ పేరే చెప్పు, గొడవ ఉండదు.

అసలు టెన్షన్ నాకు పురుడయ్యాకే. బాలింత మంచం కింద కుంపటి, బిడ్డ తల ఆరడానికి సాంబ్రాణి ధూపం మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. బొగ్గుల్లో పొగ కనిపించదు కాబట్టి ఏం కాదనుకుంటారు. తలుపులు మూసిన గదిలో ఎర్రటి నిప్పులే ఎక్కువ ప్రమాదం. తల మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. వెచ్చదనానికి బిడ్డని నీ గుండెకి ఆనించి పడుకోబెట్టుకో. పుట్టింట్లో ఈ విషయంలో అమ్మమ్మని ఒప్పించే పూచీ నాది. నువ్వు కలగజేసుకోకు.

బిడ్డకి ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో న్యుమోనియా టీకా ఉంటుంది, ఉచితం. రెండు నెలల లోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగడం మానేస్తే పసరులూ తాయెత్తులూ అంటూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.

ఈ ఉత్తరం మీ ఆయనకి కూడా చదివి వినిపించు. పోయినసారి చెకప్‌లో నీ హిమోగ్లోబిన్ ఎంత రాశారో కార్డు చూసి రేపు ఫోన్ చెయ్యి.

మీ అత్త