శ్రావణికి, ఆ గంటల బోర్డు మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఇంగ్లండ్‌లో ఏదో పాత దొరల భవనంలో నౌకర్లను పిలిచే గంటల బోర్డును మళ్ళీ పనిచేయించే బాధ్యత నీకు అప్పగించారట. "దానికంత ఆలోచనెందుకు బావగారూ, కాలింగ్ బెల్లే కదా" అంది. నువ్వు పంపిన ఫొటో చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. నల్లటి అద్దం మీద బంగారు అక్షరాలు, డ్రాయింగ్ రూమ్, లైబ్రరీ, బ్లూ బెడ్‌రూమ్, ఫ్రంట్ డోర్ అని. ఒక్కో పేరు కింద చిన్న కిటికీ, దాని వెనక ఎర్ర జెండా. రైల్వే సిగ్నల్ అండ్ టెలికం డిపార్ట్‌మెంట్‌లో నా ఉద్యోగమంతా ఇలాంటి కాయిల్స్ (తీగ చుట్లు), అవి లాగే ఇనుప ముక్కలైన ఆర్మేచర్ల మధ్యే గడిచింది. మన ఇంటి పిల్ల అంత దూరంలో అదే పని ముందు కూర్చుంటుందని తెలిస్తే ఛాతీ ఉప్పొంగదా? ఆ వెంటనే భయమూ వేసింది. అందుకే ఫోన్‌లో చెప్పకుండా రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు.

మొదటి పనులు నీకు తెలిసినవే. విప్పే ముందు ఫొటోలు తీయి, ప్రతి తీగకీ రెండు కొసల్లోనూ నంబరు కట్టు, ఒక స్క్రూ తీస్తే అది ఎక్కడిదో రాసి విడి కవర్లో వెయ్యి. ఇంతకంటే చెప్పను.

తర్వాత, అది ఏ రకం బోర్డో తేల్చుకో. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల మూడు దారులు. ఒకటి ఊగే రకం. మెత్తని ఇనుప ముక్కకి జెండా కట్టి పల్చని స్ప్రింగ్ మీద వేలాడదీస్తారు. మీట నొక్కితే కాయిల్ దాన్ని లాగుతుంది. వదిలేశాక పిల్ల దిగిపోయిన ఉయ్యాలలా కొంతసేపు ఊగి ఆగిపోతుంది. రెండోది పడే రకం. ఆర్మేచర్ కొసన చిన్న కొక్కెం ఉంటుంది, అది లేవగానే జెండా తన బరువుకి కిందికి పడి అక్కడే ఉండిపోతుంది. పక్కనున్న కడ్డీ లాగితే తిరిగి పైకి వెళ్తుంది. మూడోదాంట్లో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. కరెంటు ఒక దిక్కున వెళ్తే జెండా కనబడుతుంది, ఎదురు దిక్కున వెళ్తే దాక్కుంటుంది. దాన్ని సరిచేయడానికి కడ్డీ ఉండదు, ఇంకో మీట ఉంటుంది. ఫొటోలో నాకు కడ్డీ కనబడలేదు. పక్కనుంచి, కిందనుంచి తీసిన ఫొటోలు పంపు. తయారుచేసినవాళ్ళ పేరుతో రేకు ఏమైనా ఉందేమో కూడా చూడు. లీసెస్టర్‌లో జెంట్ కంపెనీ, లండన్‌లో జూలియస్ సాక్స్ కంపెనీ ఇలాంటివి చేసేవి.

మీ అమ్మ "బెల్లే కదా" అన్న మాట నాకు గుచ్చుకుంది, దానికి కారణం ఉంది. గంట "ఎవరో పిలిచారు" అని మాత్రమే చెప్తుంది. ఎవరు పిలిచారో చెప్పేది ఆ జెండా. పనిమనిషి పెరట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చేసరికి గంట ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. జెండా మాత్రం ఆమె కోసం ఇంకా ఊగుతూనో, పడిపోయో కనబడుతుంది. అంతకుముందు గోడల్లోంచి ఇనుప తీగలు లాగి, గదికో గంట చొప్పున వరసగా వేలాడదీసేవారు. ఏ గంట మోగిందో చెవితో పట్టుకోవాలి, లేదా ఇంకా ఏది ఊగుతోందో చూడాలి. తీగ సాగిపోయేది, మూల మలుపుల్లో తుప్పుపట్టి బిగుసుకుపోయేది. 1820లో ఓయర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త తీగలో కరెంటు పారితే దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించాడు. 1831లో అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ మైలుకు పైగా తీగ పరిచి అవతలి కొసన గంట మోగించాడు. 1837లో కుక్, వీట్‌స్టోన్ ఇద్దరూ ముళ్ళు తిప్పి అక్షరాలు చూపే టెలిగ్రాఫ్‌కి పేటెంట్ తీసుకున్నారు. నీ బోర్డులో ఉన్న జెండా ఆ ముల్లుకి దగ్గరి చుట్టమే. మా స్టేషన్లలో బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ మీద, పక్క స్టేషన్ వాడు లైన్ ఇచ్చాడా లేదా అని చూపించే ముల్లు కూడా ఆ వంశంలోదే. ఆ ముల్లు చూసి రైలు పంపేవాళ్ళం. అందుకే ఇలాంటి వస్తువుని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు నచ్చదు.

ఇక అసలు విషయం. 1866లో ఫ్రాన్స్‌లో లెక్లాంచి తన సెల్‌కి పేటెంట్ తీసుకున్న తర్వాత ఇళ్ళలో ఈ గంటలు పెట్టుకోవడం సులువైంది. గాజు జాడీలో నవాసారం కలిపిన నీళ్ళు, అందులో ఒక జింకు కడ్డీ, మట్టి కుండలో మాంగనీస్ పొడితో కలిసి ఒక కార్బన్ పలక. సెల్‌కి ఒకటిన్నర వోల్టు. మూడు నాలుగు కలిపితే ఇల్లంతా గంట మోగుతుంది. కరెంటు దీపాలు అప్పటికింకా చాలా ఇళ్ళలోకి రాలేదు. నార్తంబర్లాండ్‌లో క్రాగ్‌సైడ్ భవనంలో ఆర్మ్‌స్ట్రాంగ్ దొర స్వాన్ అనే ఆయన చేసిన బల్బులు వెలిగించింది 1880లో. అంటే ఈ గంట తీగలు మెయిన్స్ (ఇంటికి బయటి లైను నుంచి వచ్చే కరెంటు) అనే మాట ఎరగని కాలంలో పుట్టిన పద్ధతి ప్రకారం వేసినవి. నూలు చుట్టి మైనం పట్టించిన తీగ, ఇత్తడి ముఖం ఉన్న మీట, మంచం పక్కన వేలాడే పియర్ కాయ ఆకారం పుష్. అవన్నీ నాలుగైదు వోల్టుల్ని నమ్ముకుని చేసినవి. ఇది గుర్తుపెట్టుకుని కింద రాసింది చదువు.

నేను సర్వీసులో ఉండగా కాకినాడ వైపు ఒక పాత బంగళాలో ఇలాంటి బోర్డే ఉండేది. ఎవరి బంగళా అన్నది అనవసరం. జాడీలు ఎప్పుడో పగిలిపోయాయి, బోర్డు మూగబోయింది. ఎవరో పెద్ద అతిథులు వస్తున్నారని, వాళ్ళు పిలిస్తే గంట మోగాలని బంగళా చూసేవాళ్ళకి కోరిక పుట్టింది. వైరింగ్ పని చేసే అతన్ని పిలిచారు. అతను పనిమంతుడే, చెడ్డవాడు కాదు. పాడైపోయిన ఫ్రిజ్ స్టెబిలైజర్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి, పన్నెండు వోల్టులు వచ్చే చోట తీగ పట్టుకుని బోర్డుకి ఇచ్చాడు. రెండు పిన్నుల ప్లగ్ పెట్టాడు. గంట మోగింది, జెండాలు కదిలాయి. అందరూ సంతోషపడ్డారు, అతనికి డబ్బులిచ్చి పంపేశారు.

స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. దానికి రెండు వేరు చుట్లు ఉండవు, ఒకటే చుట్టు, మధ్యలో తీసిన కొసలు. మెయిన్స్‌కీ గంటకీ మధ్య అడ్డుగోడ లేదన్నమాట. ప్లగ్ ఒక వైపు పెడితే ఉమ్మడి కొస న్యూట్రల్ మీద ఉంటుంది, ఏమీ కాదు. తిప్పి పెడితే అదే కొస ఫేజ్ మీద కూర్చుంటుంది. అప్పుడు కూడా రెండు తీగల మధ్య పన్నెండు వోల్టులే, గంట అంతే చక్కగా మోగుతుంది. కానీ ఆ ఇంట్లో ఉన్న ప్రతి మీటా నేలతో పోలిస్తే రెండువందల పైచిలుకు వోల్టుల మీద ఉంటుంది. ఇందులో దారుణం ఏమిటంటే, చూసేవాడికి ఏ తేడా కనబడదు.

ఒకరోజు ఇస్త్రీపెట్టె కోసం ఎవరో ఆ ప్లగ్ తీశారు, మళ్ళీ పెట్టేటప్పుడు తిరగేసి పెట్టారు. మర్నాడు గది కడుగుతున్న కుర్రాడు తడి చేత్తో గోడ తుడుస్తూ ఇత్తడి మీట మీద చెయ్యి వేశాడు. లోపల నూలు ఎప్పుడో చివికిపోయింది, తీగ ఇత్తడికి తగులుతోంది. నాలుగైదు వోల్టులున్న రోజుల్లో అది ఎవరికీ తెలియనే తెలియని లోపం. కుర్రాడు గోడకి అతుక్కుపోయాడు. పక్క గదిలో ఉన్నావిడ కేక విని మెయిన్ ఆపడం వల్ల ప్రాణం దక్కింది. కుడి అరచెయ్యి కాలిపోయింది, ఆ వేళ్ళు తర్వాత పూర్తిగా ముడుచుకోలేదు.

ఆ కుర్రాడి మేనమామ మా దగ్గర ఖలాసీ. అతను ఏడుస్తూ అడిగితే టెస్ట్ ల్యాంప్, అంటే రెండు తీగలు కట్టిన బల్బు, పట్టుకుని వెళ్ళాను. గంట తీగల మధ్య మీటర్ పెడితే పన్నెండు చూపించింది. బంగళా మనిషి "చూశారా, అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు. టెస్ట్ ల్యాంప్ ఒక కొస గంట తీగకీ, ఇంకో కొస నీళ్ళ పైపుకీ ముట్టించాను. బల్బు నిండుగా వెలిగింది. ఆయన మొహంలో రంగు పోయింది. ప్లగ్ తిప్పి పెట్టి చూపించాను, బల్బు ఆరిపోయింది. గంట మాత్రం రెండుసార్లూ ఒకేలా మోగింది.

శ్రావణీ, మీ దేశంలో మూడు పిన్నుల ప్లగ్, తిరగేసి పెట్టడం కుదరదు, అక్కడ రూల్స్ గట్టివి అంటావు, నాకు తెలుసు. అయినా సరే, ఎవరు ఎంత చెప్పినా ఆ బోర్డుని మెయిన్స్‌కి కలపొద్దు. "అడాప్టర్ పెట్టేద్దాం, బ్యాటరీలు ఎవరు మారుస్తారు" అని ఎవరో ఒకరు అంటారు. ససేమిరా అను. ఇంకో సంగతి, క్షణక్షణం దిక్కు మారే ఆల్టర్నేటింగ్ కరెంటు ఇస్తే శాశ్వత అయస్కాంతం ఉన్న జెండా ఎటూ తిరగలేక వణుకుతుంది. ఆ బోర్డుకి కావలసింది ఒకే దిక్కున పారే కరెంటు, డి.సి.యే. మామూలు డ్రై సెల్స్ వాడు.

కొత్త బ్యాటరీలతో మరో ప్రమాదం ఉంది, ఇది చాలామందికి తట్టదు. లెక్లాంచి సెల్ షార్ట్ అయితే కాసేపటికి నీరసపడి ఊరుకునేది. ఇప్పటి లిథియం బ్యాటరీ అలా ఊరుకోదు, తీగ ఎర్రగా కాలేదాకా తోస్తుంది. చెక్క నేల కింద ఎండిపోయిన నూలు తీగ ఎంతసేపట్లో అంటుకుంటుందో ఆలోచించు. అందుకే బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజ్ తప్పకుండా పెట్టు. వీలైతే గోడల్లోని పాత తీగల్ని వాటి మానాన వదిలేసి, బోర్డు దగ్గరే ఒక కొత్త మీట పెట్టి చూపించండి. పైవాళ్ళు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు, నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమవుతుంది.

ఇక లోపలి పని. కాయిల్ ముందు ఆర్మేచర్ మీద చిన్న ఇత్తడి లేదా రాగి బొడిపె ఉంటుంది, గింజ ముక్కంత. దాన్ని మురికి అనుకుని గీకెయ్యకు. ఇనుము ఇనుముని పూర్తిగా తాకకుండా ఆపేది అదే. అది అరిగిపోతే కరెంటు ఆగినా మిగిలిన అయస్కాంతానికి ఆర్మేచర్ అతుక్కునే ఉంటుంది, జెండా రాదు. మా సిగ్నల్ రిలేల్లోనూ (కాయిల్‌తో పనిచేసే స్విచ్‌లు) ఇదే జబ్బు. అది లేకపోతే పల్చని ఇత్తడి రేకు అతికించు. ఆర్మేచర్ మార్చాల్సి వస్తే ఉక్కు వాడకు, మెత్తని ఇనుమే కావాలి.

గంట కాంటాక్టులకి గరుకు కాగితం చూపించకు. కొసన ఉన్న తెల్లటి చుక్క ప్లాటినం కావచ్చు, మందపాటి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు. టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము ఓపిగ్గా తీయాలి. జాడీలు దొరికితే వాటి అంచున మైనం పూత ఉందేమో చూడు, నవాసారం పైకి పాకి తీగల్ని తినేయకుండా పూసేవారు. అది కడిగెయ్యకు.

అద్దం సంగతి మరీ ముఖ్యం. ఆ బంగారు అక్షరాలు అద్దం వెనక వైపు రాసినవి. లోపలి నుంచి స్పిరిట్ గుడ్డతో తుడిచావంటే డ్రాయింగ్ రూమ్ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. బయటి వైపు మాత్రమే తుడువు.

కాయిల్స్ ఒక్కొక్కదాని నిరోధం మీటర్ పెట్టి కొలువు. కొన్ని ఓమ్స్ మాత్రమే చూపిస్తాయి, కానీ అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి విడిగా ఎక్కువ చూపిస్తే కొస తెగబోతోందని, బాగా తక్కువ చూపిస్తే లోపల చుట్లు కలిసిపోయాయని అనుకో. ఈ బోర్డుల్లో మామూలుగా గంట అన్ని కాయిల్స్‌కీ ఉమ్మడిగా ఉంటుంది, కరెంటు జెండా కాయిల్లోంచి వెళ్ళి గంటలోంచి తిరిగొస్తుంది. గంట కొట్టుకునేటప్పుడు కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటుంది కాబట్టి మీట నొక్కినంతసేపూ జెండా సన్నగా వణుకుతుంది. చూసి పాడైందనుకుని కంగారుపడకు.

చిన్నప్పుడు నా టార్చిలైటు విప్పి, స్ప్రింగ్ ఎక్కడ పోయిందో చెప్పకుండా రెండు రోజులు నన్ను తప్పించుకు తిరిగావు. అప్పుడు నిన్ను కసిరాను. తర్వాత మీ నాన్నతో "దీన్ని ఆపొద్దురా, చేతులున్న పిల్ల" అని చెప్పింది కూడా నేనే. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

ఒంటరిగా ఆ బేస్‌మెంట్‌లో పనిచెయ్యకు, ఎవరైనా పిలిస్తే వినబడేంత దూరంలో ఉండేలా చూసుకో. కాయిల్స్ ఓమ్స్ ఒక కాగితం మీద గది పేర్లతో సహా వరసగా రాసి ఫొటో పంపు. కడ్డీ ఉందో లేదో ముందు అది చెప్పు. బోర్డులోంచి పోయే తీగల్లో ఏ ఒక్కటైనా ఇంటి లైటు వైరింగ్ పక్కనుంచి వెళ్తోందేమో కూడా రాయి. అలా ఉంటే నేను సరే అనేదాకా బ్యాటరీ కలపొద్దు.

ఇట్లు,
పెదనాన్న
సత్యనారాయణపురం, విజయవాడ