ఆవిడని ఓడలో కూర్చోబెట్టకండి

ప్రశ్న: మాది రాజాం. రిటైరైన టీచర్ని. ఈ శీతాకాలం అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. వాడు మయామీ నుంచి బహామాస్‌కి క్రూయిజ్ బుక్ చేశాడు. ఒక రోజు కోకోకే అనే, ఆ ఓడ కంపెనీ సొంత దీవిలో గడపాలట. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి. ఈతబట్టలు వేసుకోదు, సముద్రమంటే భయం. 'మీరు వెళ్ళిరండి, నేను ఓడలోనే ఉంటాను' అంటోంది. అక్కడ ప్రతిదానికీ డబ్బు కట్టాలని కూడా విన్నాం. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, అమ్మగారిని తప్పకుండా దింపండి. విజయనగరంలో స్థిరపడక ముందు నేను ఓడల వంటింట్లో పనిచేశాను. దీవి రోజున కొడుకులూ మనవలూ కింద నీళ్ళలో ఉంటే, పై డెక్కు మీద ఒంటరిగా కూర్చున్న మన పెద్దవాళ్ళు కనబడేవారు. దిగలేక కాదు, అక్కడ మాకేం పనిలే అనుకుని. అది తలచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

ఆవిడ భయం మన సముద్రం నేర్పిన భయం. కళింగపట్నంలోనో చింతపల్లిలోనో మోకాలి లోతులో నిలబడ్డా కెరటం వెనక్కి లాగుతుంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. అక్కడి సంగతి వేరు. బహామాస్ దీవులు సున్నపురాయి మెట్టల మీద ఉన్నాయి. వాటి మీద చాలా దూరం సముద్రం లోతు తక్కువ. గాలి లేని రోజున స్నానాల రేవుల్లో నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి, అడుగున ఇసుక స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఇసుక తెలుపు కూడా సున్నం వల్లే. మన తీరంలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు కలిసి ఇసుక నలుపు, ఎరుపు తిరిగి మధ్యాహ్నానికి కాళ్ళు కాలుస్తుంది. అక్కడ అంతగా కాలదు. ఒడ్డున లైఫ్‌గార్డులు ఉంటారు. లైఫ్ జాకెట్ అడిగి తీసుకుని, అబ్బాయి చెయ్యి పట్టుకుని నడుం లోతు వరకు వెళ్ళమనండి. నీళ్ళలో ఒంటి బరువు మోకాళ్ళ మీద అంతగా పడదు కాబట్టి ఆవిడకి హాయిగా ఉంటుంది. శీతాకాలంలో ఉదయం నీళ్ళు చల్లగా ఉంటాయి, పదకొండు దాటాక దిగితే మేలు.

చీరతో మాత్రం వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. పొడుగు చేతుల నైలాన్ టాప్, లెగ్గింగ్స్ చాలు. ఎవరూ వింతగా చూడరు.

నడక గురించి. కొన్ని కంపెనీల దీవుల దగ్గర ఓడ దూరంగా ఆగి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. కెరటాల మీద ఊగే పడవలోకి అడుగు వెయ్యడం మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కష్టమే. కోకోకేలో ఆ టెన్షన్ లేదు, ఓడ నేరుగా జెట్టీకి ఆనుతుంది. జెట్టీ మీద కొంత దూరం నడవాలి, దీవిలో తిరగడానికి ఉచిత ట్రామ్ ఉంది. వీల్‌చైర్ కావాలంటే అబ్బాయిని ముందే ఓడవాళ్ళకి చెప్పమనండి.

డబ్బు విషయంలో మీరు విన్నది సగమే నిజం. బీచ్ కుర్చీలు, గొడుగులు, పెద్ద మంచినీళ్ళ కొలను, మామూలు గ్రిల్ భోజనం, చిన్నపిల్లలు నీళ్ళలో ఆడుకునే చోటు, ఇవన్నీ టికెట్‌లోనే ఉంటాయి. 135 అడుగుల జారుడుబండ ఉన్న వాటర్‌పార్క్, 450 అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళే హీలియం బెలూన్, కబానాలు (అద్దెకిచ్చే నీడ గుడిసెలు), పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి మాత్రమే ఉన్న బీచ్, వీటికి వేరే కట్టాలి. మనవలు మారాం చేస్తే వాటర్‌పార్క్ ఒక్కటి ఆలోచించండి. రేటు రోజుని బట్టి మారుతుంది, అబ్బాయిని ఓడ కంపెనీ యాప్‌లో ముందే చూడమనండి. మీ ఇద్దరికీ ఏదీ కొనక్కర్లేదు. పెందలాడే ఓడ దిగి నీడపట్టున రెండు కుర్చీలు చూసుకోండి, ఆలస్యమైతే నీడ దొరకదు.

తిండికి సలాడ్, పళ్ళు, బంగాళాదుంప వేపుడు, వెజ్ బర్గర్ లాంటివి ఉంటాయి. ఓడల్లో మన దేశపు కుర్రాళ్ళు చాలామంది పనిచేస్తారు. గ్రిల్ దగ్గర ఒకరు కనబడితే పలకరించి, మాంసం కాల్చని పెనం మీద చేయమని అడగండి. ఇంటి భోజనం దొరక్క ఏళ్ళు గడిపినవాళ్ళు వాళ్ళు, అమ్మగారి మాట తీసిపారేయరు. రాత్రి భోజనానికి ఇండియన్ వెజిటేరియన్ కావాలని ఓడ ఎక్కిన రోజే హెడ్ వెయిటర్‌కి చెప్పండి. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు, సీలు ఉన్న ప్యాకెట్లే పట్టుకెళ్ళండి.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. అది ఊరు కాదు. మ్యాప్‌లో లిటిల్ స్టిరప్ కే అని ఉండే ఆ దీవిని కంపెనీ తన ప్రయాణికుల కోసం కట్టుకుని, 2019లో ఇప్పుడున్న రూపంలో తెరిచింది. పక్కనే ఉన్న గ్రేట్ స్టిరప్ కేని 1977లోనే మరో ఓడ కంపెనీ కొనుక్కుంది. బహామాస్ మనుషులు ఎలా బతుకుతారో చూడాలనుంటే కోకోకే సరిపోదు. మీ ఓడ బహామాస్ రాజధాని నసావులో ఆగితే అక్కడ దిగి బే స్ట్రీట్‌లో నడవండి, గడ్డి బుట్టలు అమ్మే స్ట్రా మార్కెట్ చూడండి. నా మటుకు ఆ గంట కూడా దీవి రోజంత విలువైనదే.

గాలి ఎక్కువైతే కెప్టెన్ దీవి దగ్గర ఆగకుండా వెళ్ళిపోవచ్చు, శీతాకాలంలో అది జరుగుతుంది. అలాగే బహామాస్ వెళ్ళి తిరిగి అమెరికాలోకి రావాలి కాబట్టి, మీ ఇద్దరి వీసాల మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో ఈ రోజే తీసి చూడండి.