డిస్క్ కొన్నాం కదా, అందరికీ వేసి చూపించొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతాను. మా దగ్గర ఇంటర్, డిగ్రీ రెండూ ఉన్నాయి. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ఒక యుద్ధ సినిమా బ్లూరే డిస్క్ తెచ్చాడు. ఆఫ్రికాలో అంతర్యుద్ధం మధ్య చిక్కుకున్న ఒక పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చి సైనికుణ్ణి చేసే కథ. చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా విద్యార్థులకు చూపించాలని ఉంది. చిత్తూరులోని స్నేహితులు కమ్యూనిటీ హాలు మాట్లాడి, ఖర్చులకు మనిషికి 50 రూపాయలు తీసుకుని ఆదివారం షో వేద్దామంటున్నారు. డిస్క్ వెనక మాత్రం ఇంట్లో చూడటానికే అని రాసి ఉంది. డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ కదా, కేసవుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మేడం, ఇలాంటి సినిమాను పిల్లలకు చూపించాలనుకునే లెక్చరర్లు తక్కువ. మీకు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇబ్బంది లేకుండా ఎలా చేయొచ్చో చెబుతాను. మీరు అడిగినవి చూడటానికి ఒకటే అనిపించినా కాలేజీ సంగతి వేరు, హాలు సంగతి వేరు.

డిస్క్ విదేశం నుంచి వచ్చిందన్న టెన్షన్ అక్కర్లేదు. సొంతానికి, ఇంటి అవసరానికి ఒక కాపీ తెచ్చుకుంటే కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 51 తప్పు పట్టదు. ఇంట్లో మీవాళ్లంతా కూర్చుని ఎన్నిసార్లు చూసినా మిమ్మల్ని అడిగేవారు లేరు. కానీ డిస్క్ కొన్నంత మాత్రాన సినిమాను జనానికి చూపించే హక్కు రాదు. ఆ హక్కు సెక్షన్ 14 ప్రకారం నిర్మాత దగ్గర, లేదా ఆయన రాసిచ్చినవారి దగ్గర ఉంటుంది. డిస్క్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరిక అదే.

మరి కాలేజీ మాటేమిటి? ఇక్కడ చట్టం మీరు అనుకున్నంత కఠినంగా లేదు. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేస్తే, చూసేవాళ్లు అక్కడి సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే అది కాపీరైట్ ఉల్లంఘన కాదని సెక్షన్ 52(1)(జె) చెబుతోంది. చాలా కాలేజీలకు ఈ సంగతి తెలియక మానేస్తున్నాయి, లేదా గుట్టుగా వేస్తున్నాయి. గుట్టు అవసరం లేదు. మీ సెమినార్ హాల్లో, ప్రిన్సిపాల్ గారి సంతకంతో, ఏ సబ్జెక్టులో ఏ పాఠానికి సంబంధించి వేస్తున్నారో ఒక కాగితం రాసి పెట్టుకోండి. హాజరు తీసుకోండి. డబ్బు వసూలు చేయొద్దు. బయటి అతిథులు, స్పాన్సర్లు, పక్క కాలేజీ వాళ్లు వచ్చి కూర్చుంటే మాత్రం ఈ మినహాయింపు పోతుంది. హాస్టల్ గదుల టీవీలన్నింటికీ కేబుల్ మీద ఒకేసారి వేద్దామన్న ఆలోచన ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి. హాస్టల్ గదులకు అలా పంపితే ప్రజలకు ప్రసారం చేసినట్టేనని చట్టం నిర్వచనంలోనే రాశారు.

అయితే కాపీరైట్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు, సెన్సార్ సంగతి కూడా ఉంది. మన దేశంలో అమ్మే డిస్క్ మీద సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ప్రతి, హక్కుదారు పేరు ఉండాలి. మీ డిస్క్ మీద అమెరికా వాళ్ల రేటింగ్ ఉంటుంది, దానికి ఇక్కడ విలువ లేదు. సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952 ప్రకారం బహిరంగంగా చూపించే సినిమాకు మన బోర్డు సర్టిఫికెట్ కావాలి. తలుపులు మూసిన క్లాసులో సొంత విద్యార్థులకు చూపించడం బహిరంగ ప్రదర్శన కాదన్నది నా అభిప్రాయం. కానీ సర్టిఫికెట్ లేని సినిమా వేస్తే శిక్ష అని చెప్పే అదే చట్టం సెక్షన్ 7లో ‘ఏ చోటనైనా’ అన్న మాట ఉంది, ఎదుటి లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకే 18 నిండిన డిగ్రీ విద్యార్థులకే చూపించండి. ఆ సినిమా మన దగ్గర ‘ఎ’ సర్టిఫికెట్‌తో విడుదలై ఉంటే ఇక వాదనకే తావు లేదు, ఇంటర్ పిల్లలకు చూపించకూడదు. 2023 సవరణతో యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు తరగతులు వచ్చాయి కాబట్టి బోర్డు సర్టిఫికెట్ ఉందేమో, ఉంటే ఏ తరగతో ముందు కనుక్కోండి.

ఇంటర్ పిల్లల దగ్గర సినిమా లేకుండానే ఈ పాఠం బాగా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. యుద్ధాల్లో పిల్లల్ని వాడకూడదన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2000 మే 25న వచ్చింది, 2002 ఫిబ్రవరి 12 నుంచి అమల్లో ఉంది. మన దేశం 2005 నవంబరులో ఆమోదించింది. ‘మరి అగ్నివీర్‌కు పదిహేడున్నరకే తీసుకుంటున్నారు కదా మేడం’ అని మీ క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మన పల్లెల్లో తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగులు తీసే కుర్రాళ్లందరికీ ఆ వయసు లెక్క నోటికి వచ్చు. వాళ్లకు జవాబు ఇది: ప్రభుత్వ సైన్యంలో 18 లోపు ఇష్టపూర్వకంగా చేరడానికి కొన్ని షరతుల మీద ఆ ఒప్పందం ఒప్పుకుంటుంది, కానీ 18 నిండనివాళ్లు నేరుగా పోరులోకి దిగకుండా ప్రభుత్వం చూడాలి. ప్రభుత్వానికి సంబంధం లేని సాయుధ ముఠాలు మాత్రం 18 లోపు వాళ్లను ఏ పరిస్థితిలోనూ చేర్చుకోకూడదు. మన జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో సెక్షన్ 83 చూడండి. కేంద్రం ప్రకటించిన మిలిటెంట్ ముఠాలు పిల్లల్ని చేర్చుకున్నా, వాడుకున్నా ఏడేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల జరిమానా. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇచ్చిన మొట్టమొదటి తీర్పు కూడా ఈ నేరం మీదే. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని పోరులో దింపినందుకు కాంగోకు చెందిన థామస్ లుబాంగాను 2012లో దోషిగా తేల్చి 14 ఏళ్ల శిక్ష వేశారు. పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చినవాడే నేరస్థుడు, ఆ పిల్లాడిని కాపాడి మళ్లీ బడికి పంపాల్సిన బాధ్యత మనది అన్న సంగతి పదహారేళ్ల పిల్లలకు అర్థం కావాలి. అర్థమవుతుంది.

ఇక చిత్తూరు హాలు షో. దానికి మాత్రం ఇప్పుడున్న పరిస్థితిలో ఒప్పుకోవద్దు. 50 రూపాయలు లాభం కోసం కాదు, ఖర్చులకే అని మీరంటారు. ఉచితంగా వేసినా అది ప్రజలకు చూపించడమే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాదని రుజువైతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు, అంతే. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసి కూడా అద్దె తీసుకుని హాలు ఇచ్చినవారు సైతం ఇరుక్కుంటారు. పైగా సినిమా ప్రదర్శనకు ఆంధ్రప్రదేశ్ సినిమాల (నియంత్రణ) చట్టం, 1955 కింద ఆ స్థలానికి లైసెన్సు ఉండాలి. పెళ్లిళ్లకు ఇచ్చే హాలుకు అది ఉండదు.

ఇంకో మాట. బ్లూరే డిస్కులకు, ప్లేయర్లకు ప్రాంతాల వారీగా లాక్ ఉంటుంది. అమెరికాది రీజియన్ ఏ, మన దేశానిది రీజియన్ సి. ఇక్కడి ప్లేయర్‌లో డిస్క్ ఆడకపోవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు లాక్ తీసేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తామంటారు. వద్దు. హక్కుల్ని ఉల్లంఘించడానికి ఆ లాక్ తీస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఏ కింద రెండేళ్ల వరకు జైలు. ఆ కాపీని లాభానికి జనానికి వేస్తే సినిమాటోగ్రాఫ్ చట్టం 2023 సవరణ కింద జరిమానా 3 లక్షల నుంచి మొదలవుతుంది.

మీ స్నేహితులకు నిజంగా పట్టుదల ఉంటే రెండు దారులున్నాయి. డిస్క్ మీద ఉన్న హక్కుదారుకు ఈమెయిల్ రాయండి. తేదీ, స్థలం, ఎంతమంది వస్తారు, డబ్బు తీసుకుంటారా లేదా, అన్నీ స్పష్టంగా ఉండాలి. డిస్క్ అమ్మే కంపెనీకి ప్రదర్శన హక్కు లేకపోతే ఎవరికుందో అడగండి. ఫోన్లో ‘సరే’ అన్న మాటను నమ్ముకోవద్దు, అనుమతి కాగితం మీద ఉండాలి. రెండోది ఫిల్మ్ సొసైటీ. 1959లో ఏర్పడ్డ ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాలో చేరిన సొసైటీలు సెన్సార్ మినహాయింపు పొందిన సినిమాల్ని తమ సభ్యులకు వేసుకుంటాయి. అలా ఒక సొసైటీ పెట్టుకుంటే ఈ సినిమా ఒక్కటే కాదు, మరెన్నో చూడొచ్చు. హాలు అనుమతి కోసం మాత్రం తిరుపతి కలెక్టరేట్ చుట్టూ తిరగకండి. 2022 ఏప్రిల్ నుంచి రెండూ వేర్వేరు జిల్లాలు, చిత్తూరు హాలుకు చిత్తూరులోనే దరఖాస్తు పెట్టాలి. అనుమతులు చేతికి వచ్చేదాకా వాట్సాప్‌లో పోస్టర్ పెట్టవద్దని, అడ్వాన్సు కట్టవద్దని వాళ్లకు ఈరోజే చెప్పండి.